స్కాన్ ఒకటే, రిపోర్టులో పేర్లు నాలుగెందుకు? మెదడు గడ్డలను ఎంఆర్ఐ ఎలా వేరు చేస్తుంది

"ఎడమ పెరైటల్ భాగంలో రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్. ట్యుబర్‌కులోమా, న్యూరోసిస్టిసర్కోసిస్, మెటాస్టాసిస్, హై గ్రేడ్ గ్లయోమాలలో ఏదైనా కావచ్చు." హనుమకొండలో తలకు ఎంఆర్ఐ తీయించుకుని బయటికొచ్చే కొందరి రిపోర్టుల్లో చివరి లైన్లు ఇలాగే ఉంటాయి. భూపాలపల్లి నుంచో మహబూబాబాద్ నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చిన కుటుంబం అక్కడే నిలబడి ఆ పేర్లను ఫోన్లో వెతుకుతుంది. మొదటిది మందులతో తగ్గే టీబీ గడ్డ. రెండోది బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే మచ్చ, ఒక్కటే ఉంటే చాలామందిలో కొన్ని నెలల్లో ఎండిపోతుంది. మూడోది ఒంట్లో ఇంకెక్కడో ఉన్న క్యాన్సర్ మెదడుకు పాకడం. నాలుగోది మెదడులోనే పుట్టే మొండి క్యాన్సర్. "ఇన్ని పైసలు పెట్టి స్కానింగ్ తీపిస్తే ఏందో ఒక్కటి చెప్పరాదా సార్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పాల్సిన బాధ్యత మా రేడియాలజీ వాళ్ల మీద ఉంది.

ఎంఆర్ఐ గడ్డ పేరును నేరుగా చెప్పలేదు. గడ్డ ఎక్కడుంది, లోపల నీరుందా చీముందా రక్తముందా, కణాలు ఎంత కిక్కిరిసి ఉన్నాయి, రక్తం ఎంత పారుతోంది అని ఒక్కో సాక్ష్యం ఇస్తుంది. వాటిని రోగి వయసు, పాత జబ్బులు, ఫిట్స్ ఎప్పుడు మొదలయ్యాయన్న వివరాలతో కలిపి చూస్తేనే పేరు దగ్గరపడుతుంది. మన దగ్గర ఈ కలిపి చూడటం మరీ ముఖ్యం. టీబీ ఇంకా ఇంత ఉన్న చోట, మెదడులో మచ్చ కనిపించగానే క్యాన్సర్ అని భయపడటం తొందరపాటే. అలాగని మచ్చే కదా అని వదిలేయడం అంతకన్నా ప్రమాదం.

ఒకే తలకు ఇన్ని బొమ్మలెందుకు

ఎంఆర్ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. 1.5 లేదా 3 టెస్లాల (అయస్కాంత బలానికి కొలత) అయస్కాంతం మధ్య మనిషిని పడుకోబెట్టి, ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో తరంగంతో కదిలిస్తారు. అవి మళ్లీ కుదురుకుంటూ ఇచ్చే సిగ్నల్ నుంచే బొమ్మ తయారవుతుంది. కొవ్వు ఒక వేగంతో కుదురుకుంటుంది, నీరు ఒక వేగంతో, గడ్డ ఇంకో వేగంతో. మిషన్ సెట్టింగులు మార్చి ఒక్కో తేడాను ఎక్కువ చేసి చూపించవచ్చు. అలాంటి ఒక్కో సెట్టింగును సీక్వెన్స్ అంటారు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి కొనేవాళ్లు తెల్లగా ఉందని ధర కట్టరు. తేమ చూస్తారు, పింజ పొడవు చూస్తారు, చెత్త ఎంతుందో చూస్తారు. గడ్డను చూడటమూ అలాంటిదే. టీ1 అనే సీక్వెన్స్ లో నీరు నల్లగా, కొవ్వు తెల్లగా కనిపిస్తుంది. టీ2లో నీరు తెల్లగా మెరుస్తుంది కాబట్టి వాపు పట్టుబడుతుంది. ఫ్లెయిర్ అనే సీక్వెన్స్ మెదడు చుట్టూ ఉండే మామూలు ద్రవాన్ని నల్లబరిచి, వాపు నీటిని మాత్రం తెల్లగా ఉంచుతుంది. డిఫ్యూజన్ సీక్వెన్స్ నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయో చెబుతుంది. చిక్కటి చీములో, కణాలు దట్టంగా ఉన్న గడ్డలో అవి కదలలేవు. ఎస్‌డబ్ల్యూఐ అనే ఇంకో సీక్వెన్స్ పాత రక్తపు జాడలనూ సున్నపు మచ్చలనూ పట్టిస్తుంది.

చివరగా చేతి నరానికి ఇంజక్షన్ వేసి తీసేది కాంట్రాస్ట్ స్కాన్. ఆ మందులో గాడోలినియం అనే లోహం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడు రక్తనాళాలు దాన్ని బయటికి కారనివ్వవు. నాళాల గోడ దెబ్బతిన్న చోట, లేదా అలాంటి గోడే లేని గడ్డల్లో మందు చేరి తెల్లగా వెలుగుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఈ ఇంజక్షన్ కు ముందే ఆ సంగతి చెప్పాలి. డబ్బు ఆదా అవుతుందని కాంట్రాస్ట్ లేకుండా తీయించుకుని, గడ్డ అనుమానం వచ్చాక మళ్లీ మొదటి నుంచి తీయించుకునే కుటుంబాలను చూస్తే బాధేస్తుంది. గడ్డ అనుమానం ఉన్నప్పుడు కాంట్రాస్ట్ కావాలా అని డాక్టర్ని ముందే అడగండి.

మెదడు లోపలా, బయటా?

స్క్రీన్ మీద గడ్డ కనపడగానే మేం వేసుకునే మొదటి ప్రశ్న ఇది. గడ్డ మెదడు కణజాలంలో నుంచే పుట్టిందా, లేక పుర్రెకూ మెదడుకూ మధ్య పుట్టి మెదడును పక్కకు నెడుతోందా? జవాబును బట్టి సగం పేర్లు కొట్టేయవచ్చు. బయటి గడ్డకూ మెదడుకూ మధ్య సన్నటి ద్రవపు గీత కనిపిస్తుంది. మెదడు మడతలు లోపలికి ఒత్తుకుని ఉంటాయి.

బయట పుట్టేవాటిలో ఎక్కువగా కనిపించేది మెనింజియోమా. మెదడు పొరల నుంచి పుడుతుంది. ఆడవాళ్లలో ఎక్కువ. పుర్రె వైపు వెడల్పుగా అతుక్కుని, కాంట్రాస్ట్ ఇస్తే మొత్తం ఒకే తీరుగా వెలుగుతుంది. పక్కనున్న పొర కూడా తోకలా కొంతదూరం మెరుస్తుంది. దానికి ఆనుకున్న ఎముక ఒక్కోసారి మందంగా మారుతుంది. వీటిలో ఎక్కువ భాగం మెల్లగా పెరిగే గ్రేడ్ 1 గడ్డలే. చిన్నగా ఉండి ఏ ఇబ్బందీ పెట్టకపోతే కొన్నింటిని ఆపరేషన్ లేకుండా స్కాన్లతో గమనిస్తూ ఉండటమూ వైద్యమే. అయితే ఆ తోక ఒక్కదాన్నే నమ్మకూడదు. వేరే చోటి నుంచి పాకి పొర మీద కూర్చున్న క్యాన్సర్ లోనూ అది కనిపించవచ్చు.

ఒక చెవి మెల్లగా వినపడకుండా పోతూ, అందులో ఎప్పుడూ హోరు వస్తుంటే ఆ వైపు వినికిడి నరం మీద ష్వానోమా, అంటే నరం తొడుగు నుంచి పుట్టే గడ్డ, ఉందేమో చూస్తారు. అది లోపలి చెవి ఎముక కాలువలోకి దూరి ఉంటుంది, ఆ చోటే దాని పేరు చెబుతుంది.

హార్మోన్లు తయారుచేసే పిట్యూటరీ గ్రంథిలో పుట్టే గడ్డలదీ దాదాపు అంతే. పుర్రె అడుగున, కళ్ల నరాలు కలిసే చోటుకు కిందుగా ఉంటాయి. పెరిగితే రెండు వైపులా పక్కచూపు తగ్గుతుంది. బండి నడుపుతుంటే పక్క నుంచి వచ్చేవాళ్లు కనపడటం లేదని కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి ఎంఆర్ఐకి వచ్చేవాళ్లుంటారు. ఈ గడ్డ కనపడగానే ఆపరేషన్ కు సిద్ధమైపోకండి. ముందు రక్తంలో హార్మోన్లు, ముఖ్యంగా ప్రొలాక్టిన్ చూడాలి. ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డలు చాలావరకు మాత్రలతోనే కుంచించుకుపోతాయి. ఆ ఒక్క రక్తపరీక్షతో ఎంతోమందికి కత్తి తప్పింది.

రింగు: అసలు చిక్కు ఇక్కడే

మెదడు లోపల గుండ్రటి మచ్చ, అంచు తెల్లగా వెలుగుతూ, మధ్యలో నల్లగా. రింగ్ ఎన్‌హాన్సింగ్ లీజన్ అని రాసేది దీన్నే. అది జబ్బు పేరు కాదు, బొమ్మ వర్ణన. మధ్య భాగం చనిపోయి, అంచున రక్తనాళాలు దెబ్బతిన్న ఏ గడ్డయినా ఇలా కనిపించగలదు. రిపోర్టులో పేర్లు నాలుగు పడేది అందుకే. వాటిని ఒక్కొక్కటిగా ఎలా కొట్టేస్తామో కొంచెం వివరంగా చెబుతాను. మన ప్రాంతంలో ఎక్కువ టెన్షన్ పెట్టేదీ, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే.

ముందు చీము గడ్డ సంగతి తేల్చాలి, ఎందుకంటే అది రోజుల్లో ప్రాణం తీయగలదు. చిన్నప్పటి నుంచి చెవి కారుతున్నవాళ్లు, పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లు, తలనొప్పి జ్వరంతో వచ్చినవాళ్లు అంటే ముందు దీన్నే అనుమానిస్తాం. ఇక్కడ డిఫ్యూజన్ సీక్వెన్స్ బాగా ఆదుకుంటుంది. చీము చిక్కగా ఉంటుంది కాబట్టి అందులో నీటి అణువులు కదలలేక రింగు మధ్య భాగం డిఫ్యూజన్ లో తెల్లగా మెరుస్తుంది. క్యాన్సర్ గడ్డ మధ్యలో ఉండేది చనిపోయి కరిగిన కణజాలం. అది పలుచన కాబట్టి సాధారణంగా అలా మెరవదు. కొన్ని నిమిషాల్లో అయిపోయే సీక్వెన్స్ ఇది. చీమైతే వెంటనే దాన్ని తీసి యాంటీబయాటిక్స్ పెట్టాల్సి ఉంటుంది, కాబట్టి ఆ మెరుపు కనపడితే రిపోర్టు టైప్ అయ్యేదాకా ఆగకుండా డాక్టర్ కు ఫోన్ చేస్తాం.

తర్వాత బద్దెపురుగు మచ్చ. దీని మీద ఒక అపోహ బలంగా ఉంది. పంది మాంసం తినని ఇంట్లో ఇది రాదనుకుంటారు. సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులోకి వెళ్లేది మాత్రం గుడ్ల నుంచి వచ్చే పిల్లపురుగు. పురుగు ఉన్న మనిషి మలం నుంచి ఆ గుడ్లు నీళ్లలోకి, పచ్చిగా తినే కూరగాయల మీదికి, కడగని చేతుల మీదికి చేరతాయి. పూర్తి శాకాహారికీ ఇది రావచ్చు. ఎంఆర్ఐలో చిన్న నీటి బుడగ, దాని మధ్యలో చుక్కలా పురుగు తల కనిపిస్తే ఇక వేరే వాదన అక్కర్లేదు. తల కనిపించకుండా ఒకే ఒక్క చిన్న రింగు ఉంటేనే టీబీ గడ్డతో తికమక.

ఈ తికమకను విడదీసిన పని మన దేశంలోనే జరిగింది. ఒకప్పుడు ఫిట్స్ వచ్చి స్కాన్ లో చిన్న రింగు కనపడిన చాలామందికి టీబీ అనుకుని నెలల తరబడి మందులు వాడించేవారు. వెల్లూరు సీఎంసీలో న్యూరో సర్జన్ వేదాంతం రాజశేఖర్ బృందం అలాంటి మచ్చలను ముక్క పరీక్షలతో (గడ్డలోంచి ముక్క తీసి చేసే బయాప్సీ) పోల్చి చూసి, వాటిలో ఎక్కువ భాగం పురుగు మచ్చలేనని 1990ల మొదట్లో చూపించింది. వాళ్లు ఇచ్చిన గుర్తులు ఇప్పటికీ పనికొస్తున్నాయి. మచ్చ ఒక్కటే ఉండి, 20 మిల్లీమీటర్ల లోపు ఉండి, అంచు నున్నగా ఉండి, మెదడు మధ్యగీత పక్కకు జరగకుండా ఉంటే పురుగు మచ్చ వైపు మొగ్గుతాం. దాంతోపాటు రోగికి ఫిట్స్ తప్ప కాలుచెయ్యి పడిపోవడం అంతకంతకూ పెరగడం, తలలో ఒత్తిడి లక్షణాలు ఉండకూడదు. ఒంట్లో ఇంకెక్కడా టీబీ గానీ క్యాన్సర్ గానీ ఉండకూడదు. 20 మిల్లీమీటర్లు దాటి, అంచు ఎగుడుదిగుడుగా ఉంటే టీబీ బలపడుతుంది. సగం గుర్తులు స్క్రీన్ మీద, సగం మనిషిలో ఉన్నాయని గమనించండి. రోగి గురించి ఒక్క మాట రాయకుండా "ఎంఆర్ఐ బ్రెయిన్" అని మాత్రమే రాసిన చీటీ పట్టుకొస్తే రిపోర్టులో పేర్లు పెరిగిపోవడానికి కారణం అదే.

టీబీ గడ్డకు ఇంకో పోలిక ఉంది. లోపల జున్నులా గట్టిపడిన పదార్థం ఉంటే టీ2లో మధ్య భాగం నల్లగా కనిపిస్తుంది. మామూలుగా గడ్డ మధ్య తెల్లగా ఉండాల్సిన చోట ఈ నలుపు విలువైన ఆధారం. ఒకదానికొకటి అంటుకున్న రెండుమూడు రింగులు గుత్తిగా ఉండటమూ టీబీలో ఎక్కువ. స్పెక్ట్రోస్కోపీ తీస్తే, అంటే గడ్డలో ఏ రసాయనాలు ఉన్నాయో గ్రాఫుగా చూస్తే, కొవ్వు శిఖరం పెద్దగా లేస్తుంది. క్యాన్సర్ లో కణాల పొరలు వేగంగా తయారవుతుంటాయి కాబట్టి కోలిన్ అనే రసాయనం పెరుగుతుంది, నరాల కణాలు చచ్చిపోతుంటే వాటిలో ఉండే ఎన్ఏఏ అనే రసాయనం తగ్గుతుంది. ఈ గ్రాఫు తోడుగా పనికొస్తుంది తప్ప దాన్ని ఒంటరిగా నమ్మి వైద్యం మొదలుపెట్టకూడదు. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. వాడుతున్న మొదటి నెలల్లో గడ్డ కొంత పెద్దదైనట్టు కనిపించవచ్చు. చచ్చిన క్రిముల మీద ఒంటి రోగనిరోధక శక్తి ఎగబడటం వల్ల అలా జరుగుతుంది. అది చూసి సొంతంగా మందులు ఆపేయొద్దు, డాక్టర్ని కలవండి.

ఇక క్యాన్సర్ రింగులు. రిపోర్టులో హై గ్రేడ్ గ్లయోమా అని రాసేవాటిలో ముఖ్యమైన గ్లయోబ్లాస్టోమా రింగు మందంగా, గతుకులుగా ఉంటుంది. సగటున 60 ఏళ్లు దాటినవాళ్లలో ఎక్కువ. రెండు అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్ గుండా అటు నుంచి ఇటు పాకిందంటే అనుమానం చాలా గట్టిపడుతుంది. మెటాస్టాసిస్ అయితే తరచుగా ఒకటికి మించి ఉంటాయి. మెదడు బూడిద రంగు పొర, తెల్ల పొర కలిసే చోట, సన్నటి రక్తనాళాల దగ్గర చిక్కుకుంటాయి. మచ్చ చిన్నది, చుట్టూ వాపు మాత్రం పెద్దది. ఒక్కటే ఉంటే రెండింటినీ విడదీయడం కష్టం. అప్పుడు రక్తం ఎంత పారుతోందో చూపించే పెర్ఫ్యూజన్ స్కాన్ లో రింగును వదిలేసి దాని చుట్టూ ఉన్న వాపును చూస్తాం. గ్లయోబ్లాస్టోమాలో ఆ వాపులోకి కూడా క్యాన్సర్ కణాలు చొరబడి ఉంటాయి, కాబట్టి అక్కడ రక్తప్రవాహం ఎక్కువగా ఉంటుంది. మెటాస్టాసిస్ చుట్టూ ఉన్నది ఒట్టి నీరు, రక్తప్రవాహం తక్కువ. వీటితోపాటు ఛాతీకి సీటీ కూడా రాస్తారు. తల స్కాన్ కు వస్తే ఊపిరితిత్తులకెందుకని కొందరు దాటేస్తారు. మెదడుకు పాకే క్యాన్సర్లలో ఊపిరితిత్తులదే మొదటి స్థానం. ఏళ్ల తరబడి బీడీ తాగిన మనిషి విషయంలో ఆ సీటీ దాటేయకూడదు.

తెల్ల రక్తకణాల నుంచి పుట్టే క్యాన్సర్ లింఫోమా గురించి ఒక హెచ్చరిక చెప్పాలి. అది మెదడులోని ద్రవపు గదుల పక్కన ఉండి, రింగు లేకుండా ముద్దగా వెలుగుతుంది, డిఫ్యూజన్ లోనూ మెరుస్తుంది. స్టెరాయిడ్ ఇంజక్షన్లు పడితే కొన్ని రోజుల్లోనే కరిగిపోయినట్టు కనిపిస్తుంది. జబ్బు మాత్రం పోదు. కానీ అప్పుడు ముక్క తీస్తే పరీక్షలో ఏమీ దొరకకపోవచ్చు. అందుకే స్కాన్ చూసి లింఫోమా అనుమానం వచ్చిన రోగికి, తలలో ఒత్తిడి ప్రాణం మీదికి రాకపోతే, ముక్క తీసేదాకా స్టెరాయిడ్ ఆపుతారు. ఊళ్లో తలనొప్పికి ఏ ఇంజక్షన్ వేయించుకున్నా ఆ చీటీ దాచి పెద్దాసుపత్రిలో చూపించండి.

వెలగని గడ్డలు

కాంట్రాస్ట్ కు వెలగకపోతే మంచిదే అనుకోవడం సహజం. 30, 40 ఏళ్ల మనిషికి ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి, స్కాన్ లో టీ2లో తెల్లగా, కాంట్రాస్ట్ కు వెలగని ప్రాంతం కనిపిస్తే అది సాధారణంగా తక్కువ గ్రేడ్ గ్లయోమా, అంటే నెమ్మదిగా పెరిగే రకం. ఆస్ట్రోసైటోమా, ఒలిగోడెండ్రోగ్లయోమా ఇందులో ముఖ్యమైనవి. రెండోది మెదడు పైపొర దాకా వస్తుంది, దానిలో సున్నపు మచ్చలు తరచుగా ఉంటాయి. అవి సీటీలో ఇంకా బాగా కనిపిస్తాయి, కాబట్టి ఎంఆర్ఐ ఉన్నా సీటీ రాయడానికి కారణముంది. ఆస్ట్రోసైటోమాకు 2017లో ఒక చక్కటి గుర్తు బయటపడింది. గడ్డ టీ2లో అంతటా తెల్లగా ఉండి, ఫ్లెయిర్ లో మాత్రం అంచు తప్ప మిగతాది నల్లబడితే, అది ఐడీహెచ్ అనే జన్యువు మారిన ఆస్ట్రోసైటోమా అని పెద్దవాళ్లలో చాలావరకు నమ్మవచ్చు. ఆ గుర్తు లేనంత మాత్రాన కాదనలేం.

పేరు పెట్టే పద్ధతే ఇప్పుడు మారింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం గ్లయోమా పేరు జన్యు పరీక్ష లేకుండా పూర్తికాదు. ఒలిగోడెండ్రోగ్లయోమా అనాలంటే ఐడీహెచ్ మార్పుతోపాటు 1పీ, 19క్యూ అనే క్రోమోజోమ్ భాగాలు రెండూ పోయి ఉండాలి. పెద్దవాళ్లలో ఐడీహెచ్ మారని ఆస్ట్రోసైటోమా స్కాన్ లో వెలగకుండా నెమ్మదిగా కనిపించినా, కొన్ని జన్యు మార్పులు ఉంటే దాన్ని గ్లయోబ్లాస్టోమాగానే లెక్కిస్తారు. కాబట్టి వెలగని గడ్డకు ముక్క పరీక్ష చెప్పినప్పుడు అనవసరంగా భయపెడుతున్నారని అనుకోవద్దు.

పిల్లల్లో గడ్డలు తరచుగా తల వెనక కింది భాగంలో, చిన్నమెదడు దగ్గర పుడతాయి. పొద్దున్నే వాంతులు, నడకలో తూలడం ఉంటే ఆలస్యం చేయొద్దు. పెద్ద నీటి సంచి, దాని గోడకు చిన్న ముద్ద ఉండి అది వెలిగితే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా. అది పూర్తిగా తీసేస్తే చాలామంది పిల్లలు కోలుకునే గడ్డ. మధ్యలో కణాలు దట్టంగా ఉండి డిఫ్యూజన్ లో మెరిసేది మెడుల్లోబ్లాస్టోమా. దానికి ఆపరేషన్ తర్వాత కూడా పెద్ద వైద్యమే కావాలి.

కంప్యూటర్ 99 శాతం చెబుతుందట కదా?

ఇంజినీరింగ్ పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టుకు, ఎంఆర్ఐ బొమ్మ చూసి మెదడు గడ్డ పేరు చెప్పే కంప్యూటర్ మోడల్ ఎంచుకోవడం ఇప్పుడు మామూలైంది, అది 99 శాతం సరిగ్గా చెబుతుందని అంటుంటారు. ఎక్కువమంది తీసుకునే డేటా ఒకటుంది. చైనాలోని రెండు ఆసుపత్రుల్లో 2005, 2010 మధ్య సేకరించిన 3,064 బొమ్మలు. 233 మంది రోగులవి. మెనింజియోమా, గ్లయోమా, పిట్యూటరీ గడ్డ, ఈ మూడే తరగతులు. పిల్లల ఉత్సాహం నాకు నిజంగా సంతోషం. కానీ రెండు విషయాలు వాళ్లకు చెప్పాలి. ఒకే రోగి బొమ్మలు కొన్ని నేర్పడానికీ కొన్ని పరీక్షించడానికీ వాడితే శాతం ఎక్కువే వస్తుంది, అది మిషన్ ఆ మనిషిని గుర్తుపట్టినట్టే అవుతుంది. రోగుల వారీగా విడదీయాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఆ మూడు గడ్డలూ ఎక్కువగా వేర్వేరు చోట్ల పుట్టేవి, కంటికే చాలావరకు తెలిసిపోతాయి. మన దగ్గర నిద్ర పట్టనివ్వని ప్రశ్న టీబీ గడ్డా, పురుగు మచ్చా, క్యాన్సరా అన్నది. టీబీ అనే తరగతే లేని మోడల్ ముందు ములుగు నుంచి వచ్చిన రోగి టీబీ గడ్డ బొమ్మ పెడితే, అది ఆ మూడింట్లో ఏదో ఒక క్యాన్సర్ లేదా కణితి పేరే చెప్పగలదు. మన జబ్బులతో, మన రోగుల అనుమతితో, ముక్క పరీక్షతో నిర్ధారణ అయిన బొమ్మలు పోగుచేసే ప్రాజెక్టు ఎవరైనా తలపెడితే దాని విలువ 99 శాతం కన్నా ఎక్కువ.

రెండో సలహాకు వెళ్లేవాళ్లు ఫిల్మును ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్ లో పంపుతారు. ఒక ఎంఆర్ఐలో వందల బొమ్మలుంటాయి, ఫిల్ము మీద కొన్నే ప్రింటవుతాయి. సీడీ అడిగి తీసుకోండి. హైదరాబాద్ నిమ్స్ కు వెళ్లినా, ఇక్కడ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చూపించినా డాక్టర్ కు కావాల్సింది అదే. ఆపరేషన్ అయితే ఆ తర్వాత 48 నుంచి 72 గంటల్లోపు తీసే స్కాన్ సీడీ కూడా దాచుకోండి. ఆ గడువు దాటితే కత్తి పెట్టిన చోటు మానుతూ అదీ కాంట్రాస్ట్ కు వెలుగుతుంది, మిగిలిన గడ్డెంతో తేలదు. రేడియేషన్ అయ్యాక మొదటి మూడు నెలల్లో కొత్తగా వెలుగు కనిపించినా గడ్డ తిరిగి వచ్చిందని వెంటనే నిర్ణయించరు, వైద్యం వల్ల వచ్చిన మార్పు కూడా అలాగే కనిపిస్తుంది. కొన్ని వారాలు ఆగి మళ్లీ తీసి, పాత సీడీ పక్కన పెట్టి పోల్చి చెబుతారు.